ఊట పక్కన లేచిన కొబ్బరికాయ

నీళ్ల సంగతి నాకెవరూ చెప్పనక్కర్లేదు. పుట్టింది అనంతపురం జిల్లాలో, పెరిగింది చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో. రిగ్గు చప్పుడు వింటే చాలు, మట్టిలో ఉందో రాతిలో ఉందో చెప్పేస్తాను. మా నాయన ఐదు బోర్లు వేసి చేతులు కాల్చుకుని, ఆరో దాంట్లో గంగను చూసిన మనిషి. అలాంటి ఇంటి నుంచి వచ్చిన నన్ను ఒక జావా పల్లెటూరు చాప మీద కూర్చోబెట్టి నీళ్ల పాఠం చెప్పింది.

తిరిగొచ్చి నెలన్నర అయింది. ఆక్లాండ్‌లో మేముండే పాపటోయిటోయిలో ఎవరింటికి భోజనానికి వెళ్లినా "జావాలో ఏదో కొన్నావంట కదా, రేటెట్లుంది?" అన్న ప్రశ్నే. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసి పడేస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే వచ్చే నెలకల్లా మనవాళ్లు అక్కడ ప్లాట్లకు రాళ్లు పాతేస్తారు.

భూమి వాళ్లది, హుషారు నాది

వాతి నాతో పాటు ఎయిర్‌పోర్టు దగ్గరి కోల్డ్ స్టోరేజీ గోదాములో తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. నేను షిఫ్టు సూపర్‌వైజర్‌ని, ఆమె డిస్పాచ్ చూసుకుంటుంది. నడి జావాలో, ఒక అగ్నిపర్వతం వాలు మీద వాళ్ల పల్లె. అక్కడ వాళ్లమ్మ సుమి సోయా గింజలతో టెంపే చేసి ఊరంతటికీ అమ్ముతుంది. ఒకరోజు స్మోకో అని పిలిచే విరామంలో టీ తాగుతూ వాతి విషయం బయటపెట్టింది.

"మూడు గదుల గెస్ట్ హౌస్ కడదాం రఘూ. భూమి అమ్మ పేరు మీదే ఉంటుంది, బయటి దేశం వాళ్ల పేరున మా దగ్గర రాయరు. కట్టుబడి చెరి సగం. నువ్వు వచ్చి చూసి, నచ్చితేనే."

ఆక్లాండ్‌లో ఇల్లు కొందామని పదేళ్లుగా కూడబెట్టింది నా దగ్గర ఉంది. అది ఎంత పెరిగినా ఇళ్ల ధరలు దానికన్నా రెండడుగులు ముందే ఉండేవి. సరే అన్నాను. ముసలివాళ్లను చూసుకునే రెస్ట్ హోమ్‌లో డ్యూటీ దిగి వచ్చిన నా భార్య లలితకు ఆ సాయంత్రమే చెప్పాను.

"ఏం మనిషివి సామీ నువ్వు? ఇంటికి డిపాజిట్ కట్టురా దేవుడా అంటే, ఎవురిదో ఊర్లో ఇల్లు కడతానంటావు. సరే, పోయి చూసిరా. ఆడ మాత్రం నీ బోర్ల పురాణం ఇప్పొద్దు" అంది.

నేను నవ్వేసి బ్యాగు సర్దుకున్నాను.

యోగ్యకర్తాలో పనసకాయ పాయసం

యోగ్యకర్తాలో దిగి ఏటీఎంలో డబ్బు తీయగానే ఇరవై లక్షల రుపియాలు చేతికొచ్చాయి. రెండొందల పైచిలుకు డాలర్లకే లక్షాధికారినైపోయాను. ఆ ఊపులో రోడ్డు పక్క బండి దగ్గర ఒక పెద్దావిడ వడ్డించిన గుడెగ్ తిన్నాను. లేత పనసకాయ కూర అంటే నోరూరింది. నోట్లో పెట్టుకుంటే బెల్లం పాకం! పనసకాయను కొబ్బరిపాలలో, తాటిబెల్లంలో రాత్రంతా ఉడకబెడతారట. కూరలో బెల్లం వేసేవాళ్లను చూశాను గానీ, బెల్లంలో కూర వేసేవాళ్లను చూడటం అదే మొదలు. కారం కావాలని సైగ చేస్తే ఆవిడ నవ్వుతూ నాలుగు ఉడికించిన పచ్చిమిరపకాయలు పెట్టింది. ప్లేటు ఇరవై వేల రుపియాలు, అంటే రెండు డాలర్ల పైన కొంచెం. ఆక్లాండ్ బేకరీలో ఆ డబ్బుకు ఒక మీట్ పై కూడా రాదు.

భోజనమయ్యాక మూడు చక్రాల రిక్షా ఎక్కాను. తొక్కే పెద్దాయనకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. న్యూజిలాండ్ అనగానే ఆయన "మీకెన్ని ఆవులు?" అని అడిగాడు. ఒక్కటీ లేదన్నాను. వెనక్కి తిరిగి నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. న్యూజిలాండ్‌లో ఉండి ఒక్క ఆవు కూడా సంపాదించుకోలేకపోయాడే అని నా మీద జాలిపడినట్టున్నాడు. దిగేటప్పుడు ఇచ్చిన దాంట్లోంచి కొంత వెనక్కిచ్చేశాడు.

కొండ వాలు మీద

వాతి నాకన్నా వారం ముందే వెళ్లింది. మర్నాడు కారు తీసుకొచ్చి నన్ను ఊరికి తీసుకెళ్లింది. రోడ్డు ఎక్కేకొద్దీ చలి. మెట్లు మెట్లుగా వరి మళ్లు, వాటి పైన పొగాకు తోటలు, వాటి పైన మేఘాల్లో మునిగిన కొండ.

సుమిగారిని అందరూ "బు సుమి" అంటారు. పెద్దవాళ్లలో ఆడవాళ్లయితే బు, మగవాళ్లయితే పాక్. మనం ఆంటీ, అంకుల్ అన్నట్టే. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, చాప మీద కూర్చోబెట్టి, పాకంలాంటి టీ ఇచ్చింది. తర్వాత పెట్టిన భోజనం చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉడికించిన ఆకుకూరల మీద చెనిక్కాయల చట్నీ! మా అమ్మ రోట్లో నూరేదానికీ దానికీ తేడా కాస్త తీపి మాత్రమే. దానికి పెచెల్ అని పేరు. మూడుసార్లు పెట్టించుకున్నాను. అప్పటి నుంచి బు సుమికి నేనంటే ప్రాణం.

స్నానాల గదిలో సిమెంటు తొట్టి, ప్లాస్టిక్ మగ్గు. ఆ నీళ్ల చల్లదనానికి మొదటి మగ్గుకు అరిచిన అరుపు పక్కింటికి వినపడిందట. పొద్దున్నే పక్కింటావిడ నవ్వు దాచుకుంటూ అరిటాకు కప్పిన పళ్లెంలో వేడి టెంపే బజ్జీలు తెచ్చింది. ఆమె వెనకే ఇంకొకరు ఉడికించిన కర్రపెండలం, మరొకరు కొబ్బరి అన్నం. కొత్త మనిషి దిగిన ఇంటికి వారం రోజులు అలా పంపుతారట. పాపటోయిటోయిలో మా పక్క ఫ్లాటు ఆయన పేరు తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది, అదీ ఆయన కొరియర్ మా గుమ్మంలో పడబట్టి.

ఆ పొద్దునే పాక్ మర్ది కూడా వచ్చాడు. అరవై దాటిన బక్కమనిషి, భుజాన పార. ఆయన ఊరి ఉలు-ఉలు, అంటే ఏ మడికి ఏ పూట నీళ్లు వదలాలో చూసేవాడు. జీతం ఉండదు, పంటలో కొలిచి ఇస్తారు. "మా దగ్గర నీరుగంటి!" అని ఎగిరి గంతేశాను. దేశం కాని దేశంలో మేనమామ కనపడినట్టయింది.

బు సుమికి రెండు చోట్ల నేల ఉంది. ఒకటి పైన, ఊరి ఊట పక్కనే; అక్కడి నుంచి చూస్తే కొండా లోయా అరచేతిలో ఉన్నట్టుంటాయి. రెండోది కింద, కాలువ చివర, వెదురు గుబురు వెనకాల. నేను పైది చూడగానే తేల్చేశాను. గెస్ట్ హౌస్ ఇక్కడే. గదికో వేడినీళ్ల షవరు, ముందు చిన్న ఈత కొలను. నీళ్లకు బోరు.

వాతి కొంచెం తటపటాయించింది. "బోరా? ఊట నీళ్లు పైపులో వస్తాయిగా?"

"వంతుల నీళ్లతో టూరిస్టులు స్నానం చేస్తారా? బోరు సంగతి నాకొదిలెయ్" అన్నాను.

కొబ్బరికాయ

మా వైపు బోరు పాయింటు పెట్టాలంటే జియాలజిస్టు కన్నా ముందు కొబ్బరికాయ రావాలి. పీచు తీసిన కాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేను అంతా నడుస్తారు. కింద నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుంది. నవ్వేవాళ్లు నవ్వండి. మా ఆరో బోరు పడింది అలాగే, కాయ పట్టింది నేనే, అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు.

సోమవారం పొద్దున బు సుమి వంటింట్లోంచి ఒక కాయ తీసుకుని, చెప్పులు విప్పి పైనేలలోకి దిగాను. వాతి పట్నం వెళ్లింది. తూర్పు మూల నుంచి మొదలుపెట్టి, కళ్లు అరమూసి, అడుగులో అడుగు వేస్తున్నాను. కాసేపటికి చూస్తే గట్టు మీద ఊరు ఊరంతా నిలబడి ఉంది. అందరూ చేతులు కట్టుకుని, భక్తిగా. ఒకాయన టోపీ కూడా తీశాడు. బు సుమి పరుగున వెళ్లి దోసెడు పూలు తెచ్చి నా ముందు చల్లింది. కొత్తాయన ఇల్లు కట్టేముందు తన పద్ధతిలో ఊటకు దండం పెట్టుకుంటున్నాడని వాళ్లు అనుకున్నారు.

నేనూ రెచ్చిపోయాను. ఊటకు ఇరవై అడుగుల దూరంలో కాయ నిక్కి నిలబడింది. ఊట పక్కన నీళ్లుండక పాలుంటాయా అన్న ఇంగితం అప్పుడు నాకెందుకు కలుగుతుంది? కాయ ఎత్తి అందరికీ చూపించి, మట్టిలో కర్ర పాతాను. మనసు నిండిపోయింది.

మధ్యాహ్నం వాతి వచ్చింది. కర్ర ఎందుకని ఎవరో అడిగితే, నేను చెప్పింది చెప్పినట్టు వాళ్ల భాషలో చెప్పింది: అక్కడ బోరు వేస్తున్నాం, రిగ్గుకు ఫోన్ చేశాం, గురువారం వస్తుంది. ఎవరూ ఏమీ అనలేదు. చిరునవ్వుతో తలలూపి వెళ్లిపోయారు. ఒప్పేసుకున్నారని నేను సంబరపడ్డాను.

మనుషుల్లేని సంత

మంగళవారం పొద్దున పళ్లేలు రాలేదు. ఒక్క ఇంటి నుంచి కూడా. మరిచిపోయి ఉంటారనుకుని, పక్కూరి సంతకు బయల్దేరాను. బు సుమి ఏదో చెప్పబోయింది, నేను వినలేదు. నాలుగు కిలోమీటర్లు నడిచి వెళితే సంత లేదు! ఖాళీ పాకలు, రెండు కోళ్లు, ఒక టీ బండి. అక్కడ సంత వారానికోసారి కాదట. జావా వాళ్లకు ఏడు రోజుల వారంతో పాటు ఐదు రోజుల వారం ఇంకొకటి ఉంది, సంతలు దాని ప్రకారం నడుస్తాయి. మొన్ననే అయిపోయింది.

టీ బండి అతను బాలిలో హోటల్లో పనిచేసి వచ్చినవాడు, ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు. టీ మూడు వేలు, అంటే ముప్పై సెంట్లు. గ్లాసు అందిస్తూ "కొబ్బరికాయ సార్ మీరేనా?" అన్నాడు. గర్వంగా అవునన్నాను. అతను మొహం అటు తిప్పుకున్నాడు.

"మా ఊరికి వచ్చే కాలువ కూడా ఆ ఊట నుంచే సార్" అని మాత్రం అన్నాడు.

గ్లాసు బండి మీద పెట్టేసి వెనక్కి నడిచాను.

ఇంటికొచ్చేసరికి వాతి అరుగు మీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అమ్మ చేసిన టెంపే సగం అమ్ముడుపోలేదని చెప్పింది.

"వద్దని ఒక్కరైనా చెప్పారా? అందరూ నవ్వుతూ తలూపారు కదా!" అన్నాను.

"మా ఊళ్లో మొహం మీద ఎవరూ కాదనరు రఘూ. రిగ్గు వస్తుంది, ఎవరూ అడ్డుపడరు. టీ కూడా ఇస్తారు. తర్వాత అమ్మ ఇంటికి ఎవరూ రారు. నువ్వు ఆదివారం ఫ్లైట్ ఎక్కుతావు, నేనూ ఎక్కుతాను. అమ్మ ఇక్కడ బతకాలి."

"ఊట ఎండిపోతుందని ఎవరు చెప్పారు? కాస్త లోతుగా వేస్తే..." అని మొదలుపెట్టాను. వాతి లేచి లోపలికి వెళ్లిపోయింది. తొమ్మిదేళ్లలో ఆమె నా మాట మధ్యలో లేచి వెళ్లడం అదే మొదటిసారి.

కాలువ వెంట

బుధవారం తెల్లవారగానే పాక్ మర్ది వచ్చి, కాలువ చూడటానికి రమ్మన్నాడు. మాటలు అటూ ఇటూ చెప్పడానికి వాతి కూడా వచ్చింది. వాదిస్తాడేమోనని నేను జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన వాదించలేదు. ఊట దగ్గర మొదలుపెట్టి కిందికి నడిచాడు, అంతే.

రాతి పగులులోంచి ముంజేతి లావు ధార వస్తోంది. అదే మొత్తం. దానికి అడ్డంగా గాట్లు పెట్టిన చెక్క, ఒక్కో గాటు ఒక్కో కాలువకు. ఎండాకాలంలో ముందు నీళ్లు అందేది పైమడికి కాదు, అన్నింటికన్నా కింది మడికి. మడవలు కట్టుకుంటూ పైకి వస్తారు. పైవాడు తన మడి పక్క నుంచే పారే నీళ్లను చూస్తూ వంతు కోసం కూర్చోవాలి. మా దగ్గరైతే ఈపాటికి తలలు పగిలేవి.

కాలువ చివర ఒకావిడ పార పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉంది. రాత్రి తన వంతు అయిందట. ఆ మడి నాలుగు మంచాల మేర ఉంటుంది. నీళ్లు నిండుగా నిలిచి ఉన్నాయి.

తిరిగి వస్తూ పాక్ మర్ది అడిగాడు. "మీ ఊళ్లో ఈ పని ఎవరు చేస్తారు?"

"ఒకప్పుడు నీరుగంటి ఉండేవాడు. బోర్లు వచ్చాక అవసరం లేకపోయింది."

"చెరువు?"

"కంపచెట్లు మొలిచాయి."

"బావులు?"

నేను కాలువ వైపు చూస్తూ నడిచాను. ఆయన రెట్టించలేదు. ఆ మధ్యాహ్నం పెచెల్ ఒక్కసారే పెట్టించుకున్నాను.

చాప మీద

నాలుగు గంటలకు బు సుమి అరుగు మీద ఊరి పెద్దలు పదిమంది కూర్చున్నారు. టీ, వేయించిన పెండలం. ఒక్కొక్కరే మాట్లాడారు. గెస్ట్ హౌస్ వస్తే రోడ్డు బాగవుతుందన్నాడు ఒకాయన. పిల్లలకు ఇంగ్లీషు వస్తుందన్నాడు ఇంకొకాయన. బోరు మాట ఎవరూ ఎత్తలేదు. బు సుమి తల వంచుకుని చాప అంచు పీకుతోంది. చివరికి అందరూ నా వైపు చూశారు.

మర్యాదగా నాలుగు మాటలు చెప్పి ముగించొచ్చు. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరే.

"మా ఆరో బోరు పడిన ఏడాదికి పక్క చేను ఓబులేసు మామ బావి ఎండిపోయింది. మా బోరు వల్లే. ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. మామ కూడా అనలేదు. ఆయన భార్య మా తొట్టి దగ్గరికి బిందె పట్టుకుని వచ్చేది. మా అమ్మ నింపి పంపేది, దానం చేస్తున్నట్టు. మేము చీనీకాయలు లారీలకు ఎత్తాం. ఆ డబ్బుతోనే నా ఆక్లాండ్ చదువుకు ఫీజు కట్టారు. నేను న్యూజిలాండ్‌లో చదివింది ఓబులేసు మామ నీళ్లతో. ఇది నా భార్యకు కూడా చెప్పలేదు. ఇక్కడ బోరు వద్దు. రిగ్గు వాడికి ఇప్పుడే ఫోన్ చేస్తాను. ఇస్తే కింది నేల ఇవ్వండి, వంతు వచ్చినప్పుడే నీళ్లు పడతాం."

వాతి ఒక్క మాట వదలకుండా వాళ్ల భాషలో చెప్పింది. నాకు సిగ్గుగా ఉంది. బు సుమి లేచి లోపలికి వెళ్లి, మొహం కడుక్కుని వచ్చింది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాక్ మర్ది టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ ఓబులేసు ఇప్పుడెక్కడ ఉన్నాడు?" అని అడిగాడు.

"తెలీదు" అన్నాను.

"తెలుసుకోండి" అన్నాడు.

తర్వాత అందరూ కింది నేల గురించి మాట్లాడుకున్నారు, ఈసారి గట్టిగా, చేతులు ఊపుతూ, ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ. అలా అరుచుకుంటే ఒప్పుకున్నట్టని వాతి నవ్వుతూ చెప్పింది. ఈత కొలను ఎగిరిపోయింది. గదికో తొట్టి, మగ్గు. వెదురు గుబురు మీంచి కొండ సగమే కనపడుతుంది. లలితకు ఫొటోలు పంపితే "ఇదే బాగుండాది" అంది. పునాది పని మొదలైంది, వచ్చే ఏడు మీరంతా రండి. గది ఖర్చు ఆక్లాండ్‌లో ఒక పూట పార్కింగ్‌కు అయ్యేంతే. ఈ పెట్టుబడి మీద నాకు దిగులు లేదు.

మళ్లీ పాపటోయిటోయి

ఇంటికి రాగానే లలితకు అంతా చెప్పాను. తర్వాత తనే ఊళ్లో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి, మూడో రోజుకు ఒక నంబరు సంపాదించింది. ఓబులేసు మామ చేను అమ్మేసి, కొడుకు దగ్గర బెంగళూరులో ఉంటున్నాడట. ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్.

పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. "రఘువా! బాగుండావా నాయనా? ఎన్నేండ్లయిందబ్బా!" అన్నాడు. నేను క్షేమసమాచారాలు అడిగే ఓపిక లేక, విషయం గడగడా చెప్పేశాను. బావి ఎండింది మా వల్లేనని, క్షమించమని. అవతల లారీ హారన్లు వినపడుతున్నాయి.

"నాకు తెల్దా అది?" అన్నాడు మామ మెల్లగా. "మీ నాయన దగ్గర దుడ్లుండె, ఏసినాడు. నా దగ్గరుంటే ముందు నేనే ఏసిందును. అప్పుడు ఎండిపోయేది మీ బావే. నిన్ను గానీ, మీ నాయన్ను గానీ తిట్టుకోలేదు నేను."

నాకు ఏడుపొచ్చింది. "ఒక్కసారన్నా అడిగి ఉండాల్సింది మామా" అన్నాను.

"అడగాలనే వచ్చింటి ఒకనాడు, మీ గేటు దాకా. నువ్వు పైచదువుకు పోతాండావని మీ అమ్మ అందరికీ స్వీట్లు పంచుతాండె. నా చేతిలో కూడా పెట్టె. తినుకుంటా యెనక్కి వచ్చేస్తి."